పడిపోయాక బిల్లు ఎవరు కట్టాలి? బ్రిస్టల్ సిటీ చెప్పే పాఠం

ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అంటే మనలో చాలామందికి వీకెండ్ రాత్రి చూసే ఆర్సెనల్, లివర్‌పూల్, మాంచెస్టర్ జట్లే. టేబుల్‌లో పైన ఎవరున్నారో అందరికీ తెలుసు. కింద చివరి మూడు గీతల్లో ఎవరున్నారో, తర్వాత వాళ్లేమయ్యారో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈసారి మనం ఆ కింది వాళ్ల గురించే చదువుకుందాం. ఒక్క క్లబ్బునే తీసుకుందాం, పేరు బ్రిస్టల్ సిటీ. కాలం 1980 నుంచి 1982 వరకు. గోల్స్ కన్నా ఇందులో లెక్కలు, కాంట్రాక్టులే ఎక్కువ. బోర్ కొట్టదులెండి.

ముందు బేసిక్స్

ఐపీఎల్‌లో చివరి స్థానంలో నిలిచిన టీమ్‌కి ఏమవుతుంది? ఏమీ కాదు. మళ్లీ వేలం, మళ్లీ కొత్త జెర్సీ, వచ్చే ఏడాది మళ్లీ అదే లీగ్. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. 1980లో అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఒక నాలుగంతస్తుల మేడ లాంటిది. పై రెండు డివిజన్లలో 22 చొప్పున, కింది రెండింటిలో 24 చొప్పున, మొత్తం 92 క్లబ్బులు. సీజన్ అయ్యేసరికి అడుగున ఉన్నవాళ్లు కింది అంతస్తుకి దిగిపోవాలి. దాన్నే రెలిగేషన్ అంటారు. కింద బాగా ఆడినవాళ్లు పైకి వస్తారు, అది ప్రమోషన్.

దిగిపోవడం అంటే పరువు పోవడం ఒక్కటే కాదు. పెద్ద జట్లు మీ గ్రౌండ్‌కి రావు, కాబట్టి టికెట్లు తక్కువ తెగుతాయి. అప్పట్లో క్లబ్బు ఆదాయంలో పెద్ద భాగం గేటు దగ్గర వసూలయ్యే డబ్బే. లీగ్ మ్యాచ్‌లు టీవీలో క్రమం తప్పకుండా లైవ్‌గా రావడం 1983 తర్వాత మాటే. ఇప్పుడు ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయిన క్లబ్బుకి కొన్నేళ్లపాటు పారాచూట్ పేమెంట్ అని కొంత డబ్బు ఇస్తారు, దెబ్బ మెల్లగా తగలడానికి. 1980లో అలాంటి పారాచూట్ ఏదీ లేదు. పడితే నేల మీదే పడాలి.

65 ఏళ్ల ఎదురుచూపు

బ్రిస్టల్ ఇంగ్లండ్‌కి నైరుతి వైపున్న పాత ఓడరేవు నగరం. అక్కడ రెండు క్లబ్బులు: సిటీ, రోవర్స్. సిటీ గ్రౌండ్ పేరు ఆష్టన్ గేట్. ఈ క్లబ్బు 1907లో ఫస్ట్ డివిజన్‌లో రెండో స్థానం తెచ్చుకుంది, 1909లో ఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడింది. 1911లో కిందికి పడింది. మళ్లీ పైకి ఎక్కడానికి 65 ఏళ్లు పట్టింది.

1976 ఏప్రిల్‌లో పోర్ట్స్‌మత్ మీద 1-0తో గెలిచి ప్రమోషన్ సాధించారు. ఆ గోల్ కొట్టింది క్లైవ్ వైట్‌హెడ్. పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు. మేనేజర్ అలన్ డిక్స్ 1967 నుంచి అక్కడే ఉండి ఈ జట్టుని ఓపిగ్గా కట్టుకుంటూ వచ్చాడు. కెప్టెన్ జెఫ్ మెరిక్ బ్రిస్టల్ కుర్రాడే. ట్రెవర్ టెయింటన్ కూడా లోకల్. పైకి వచ్చాక మొదటి మ్యాచ్‌లోనే ఆర్సెనల్‌ని వాళ్ల సొంత గ్రౌండ్‌లో 1-0తో ఓడించారు. ఊరు ఎంత సంబరపడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కానీ ఆ పై అంతస్తులో నిలబడటమే కష్టమైంది. మొదటి సీజన్లో చివరి మ్యాచ్‌లో కోవెంట్రీతో 2-2 డ్రా చేసుకుని బయటపడ్డారు. జనం రద్దీ వల్ల ఆ మ్యాచ్ ఆలస్యంగా మొదలైంది. ఇంకో చోట సండర్లాండ్ ఓడిపోయిందని స్కోర్‌బోర్డు మీద వేసేశారు. ఇక డ్రా అయితే ఇద్దరూ బతుకుతారని రెండు జట్లకీ అర్థమైపోయింది. మిగిలిన నిమిషాలు ఎవరూ ఎవరి గోల్ వైపూ సీరియస్‌గా వెళ్లలేదు. సండర్లాండ్ వాళ్లు దీన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత సిటీ 17, 13 స్థానాల్లో నిలిచింది. 13 అంటే కాస్త కుదురుకున్నట్టే అనిపించింది.

కొండనాలుకకి మందు

ఇక్కడ అసలు మలుపు గ్రౌండ్‌లో కాదు, రూల్ బుక్‌లో వచ్చింది.

అంతకుముందు ఇంగ్లండ్‌లో ఆటగాడి పరిస్థితి దాదాపు వెట్టిచాకిరీ లాంటిది. 1961 దాకా వారానికి 20 పౌండ్లు దాటి జీతం ఇవ్వకూడదని రూల్ ఉండేది. కాంట్రాక్టు అయిపోయినా క్లబ్బు వదలకపోతే వేరే చోట ఆడటానికి లేదు. 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ కోర్టుకెళ్లి గెలిచాక ఈ పట్టు కొంచెం సడలింది. 1978లో పూర్తిగా కొత్త పద్ధతి వచ్చింది. కాంట్రాక్టు ముగిస్తే ఆటగాడు తనకి నచ్చిన క్లబ్బుకి వెళ్లొచ్చు. ట్రాన్స్‌ఫర్ ఫీజు మీద రెండు క్లబ్బులకీ పేచీ వస్తే ట్రిబ్యునల్ తేలుస్తుంది.

ఆటగాళ్లకి ఇది న్యాయమే. కానీ చిన్న క్లబ్బులకి భయం పట్టుకుంది: మనం పెంచిన కుర్రాళ్లని పెద్ద క్లబ్బులు ఎగరేసుకుపోతే? ఆ భయానికి బ్రిస్టల్ సిటీ వేసిన మందు పొడుగాటి కాంట్రాక్టులు. కాంట్రాక్టు ముగిస్తేనే కదా వెళ్లేది, అసలు ముగియకుండా చేస్తే సరి అనుకున్నారు. మన గోల్ హీరో వైట్‌హెడ్‌కి ఏకంగా 11 ఏళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. మిగతా కొందరికీ ఏళ్ల తరబడి ఒప్పందాలు. అన్నీ ఫస్ట్ డివిజన్ జీతాల మీద.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు కదా, సరిగ్గా అదే జరిగింది. 1980లో సిటీ 20వ స్థానంలో నిలిచి కిందికి పడింది.

మన భాషలో లెక్క

సీఎస్ఈ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆదాయం ఒక వేరియబుల్. డివిజన్ మారగానే దాని విలువ మారిపోతుంది. జీతాల ఖర్చుని మాత్రం క్లబ్బు కాన్‌స్టంట్‌గా డిక్లేర్ చేసి పెట్టుకుంది. డివిజన్ పడిపోయినా అది మారదు.

ఊరికే అర్థం కావడానికి ఒక ఉత్తుత్తి లెక్క వేద్దాం. పై డివిజన్‌లో వారానికి 100 వస్తుంది, 95 ఖర్చు. బాగానే ఉంది. కిందికి పడగానే 65 వస్తుంది, ఖర్చు అదే 95. వారానికి 30 లోటు. లోటు పూడ్చాలంటే ఆటగాళ్లని అమ్మాలి. ఎవరిని కొంటారు? బాగా ఆడేవాళ్లనే కొంటారు. వాళ్లు పోతే జట్టు ఇంకా ఓడుతుంది. ఓడితే జనం రారు. జనం రాకపోతే 65 కాస్తా 50 అవుతుంది. బ్రేక్ కండిషన్ లేని లూప్ అన్నమాట.

1980-81 సీజన్

ఆ లూప్ మొదటి రౌండ్ ఎలా తిరిగిందో చూడండి. సెకండ్ డివిజన్ సీజన్ మొదలైన కొద్ది వారాలకే, సెప్టెంబర్‌లో అలన్ డిక్స్‌ని తీసేశారు. దాదాపు 13 ఏళ్ల పని అక్కడితో సరి. మిడ్‌ఫీల్డ్‌లో జట్టుకి గుండెకాయ లాంటి జెర్రీ గోని మాంచెస్టర్ సిటీకి అమ్మేశారు. అతను అదే సీజన్లో అక్కడ ఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడాడు. ఫార్వర్డ్ టామ్ రిచీ సండర్లాండ్‌కి వెళ్లాడు.

కొత్త మేనేజర్‌గా బాబ్ హౌటన్ వచ్చాడు. అసిస్టెంట్ రాయ్ హాడ్జ్‌సన్. హౌటన్ సామాన్యుడేం కాదు. స్వీడన్‌లోని మాల్మో జట్టుని 1979లో యూరోపియన్ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లినవాడు. హాడ్జ్‌సన్ తర్వాతి కాలంలో ఇంగ్లండ్ జాతీయ జట్టుకే మేనేజర్ అయ్యాడు. అంటే తెలివి తక్కువై పడిపోయిన జట్టు కాదిది.

అయినా 42 మ్యాచ్‌ల్లో గెలిచింది 7. డ్రాలు 16, ఓటములు 19. కొట్టిన గోల్స్ మొత్తం 29. చివరి నుంచి రెండో స్థానం. ఆ 16 డ్రాలు చూస్తే నాకు ఒకటి అనిపిస్తుంది. వీళ్లు ప్రతి వారం చిత్తుగా ఓడిపోయే జట్టు కాదు. గోల్ ఆపగలరు, కానీ కొట్టగలిగే వాళ్లు మిగల్లేదు. టేబుల్‌లో వీళ్ల కింద, అట్టడుగున ఎవరున్నారంటే సొంత ఊరి ప్రత్యర్థి రోవర్స్. రెండు క్లబ్బులూ కలిసే థర్డ్ డివిజన్‌కి దిగాయి. ఎగతాళి చేసుకునే అవకాశం కూడా ఆ ఊళ్లో ఎవరికీ దక్కలేదు.

ఆ 8 మంది

1981-82లో లూప్ రెండో రౌండ్. వైట్‌హెడ్ 11 ఏళ్ల కాంట్రాక్టు సగం కూడా కాకుండానే వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌కి వెళ్లిపోయాడు. అమ్మకానికి పనికొచ్చేవాళ్లు అయిపోయారు. మిగిలింది పెద్ద జీతాలు, వయసు పైబడుతున్న ఆటగాళ్లు, అప్పులు. 1982 జనవరిలో హౌటన్ తప్పుకున్నాడు. హాడ్జ్‌సన్ తాత్కాలికంగా జట్టుని చూసుకున్నాడు. క్లబ్బు మూతపడటం ఇక రోజుల్లో లెక్క.

అప్పుడు ఒక ప్లాన్ వేశారు. పాత కంపెనీని అప్పులతో సహా వదిలేసి, కొత్త కంపెనీ పెట్టి దాని పేరు మీద క్లబ్బుని నడపాలి. కానీ ఆ పొడుగు కాంట్రాక్టులు కూడా వెంట వస్తే కొత్త కంపెనీ కూడా మునుగుతుంది. కాబట్టి ఎక్కువ జీతాలున్న 8 మంది తమ కాంట్రాక్టులు తామే రద్దు చేసుకోవాలి. ఒప్పుకుంటే క్లబ్బు ఉంటుంది, లేకపోతే లేదు.

ఆ 8 మంది: పీటర్ ఐట్కెన్, క్రిస్ గార్లండ్, జిమ్మీ మాన్, జూలియన్ మార్షల్, జెఫ్ మెరిక్, డేవిడ్ రోజర్స్, జెర్రీ స్వీనీ, ట్రెవర్ టెయింటన్.

లిస్టు ఒక్కసారి చూడండి. మెరిక్, 1976లో ప్రమోషన్ తెచ్చిన కెప్టెన్. టెయింటన్, స్వీనీ ఇద్దరూ ఈ క్లబ్బుకి లీగ్‌లో 400కి పైగా మ్యాచ్‌లు ఆడినవాళ్లు. రోజర్స్ వాళ్ల నాన్న ఆర్నాల్డ్ రోజర్స్ కూడా యుద్ధం తర్వాతి రోజుల్లో ఇదే క్లబ్బుకి ఆడాడు. ఐట్కెన్ అయితే మొదటి రెలిగేషన్ తర్వాత జట్టులోకి వచ్చినవాడు, ఆ పతనంతో అతనికి సంబంధమే లేదు.

కొన్ని రోజులు గట్టిగా చర్చలు జరిగాయి. ఆటగాళ్ల యూనియన్ వాళ్ల పక్కన నిలబడింది. 1982 ఫిబ్రవరి 2న 8 మందీ ఒప్పుకున్నారు. రావాల్సిన దానిలో కొంత భాగం మాత్రమే చేతికొచ్చింది. ఆ రోజు నుంచి ఉద్యోగం లేదు. నాలుగు రోజుల తర్వాత ఫుల్హామ్‌తో ఆష్టన్ గేట్‌లో మ్యాచ్. బ్రిస్టల్ సిటీ ఆడింది, ఎక్కువగా కుర్రాళ్లతో. 18 ఏళ్ల రాబ్ న్యూమన్ జట్టులోకి వచ్చింది ఆ రోజుల్లోనే.

సినిమా అయితే ఇక్కడ నుంచి గెలుపులే. నిజంలో అలా జరగలేదు. ఆ సీజన్ చివర 23వ స్థానం, మూడో రెలిగేషన్. పై డివిజన్ నుంచి అట్టడుగు డివిజన్‌కి వరసగా మూడేళ్లలో పడిపోయిన మొదటి ఇంగ్లిష్ క్లబ్బు ఇదే. 1982 డిసెంబర్‌లో కొద్దికాలం మొత్తం 92 క్లబ్బుల్లో 92వ స్థానంలో ఉంది. 1984లో ఒక మెట్టు, 1990లో ఇంకో మెట్టు ఎక్కింది. 1990లో ఎక్కిన జట్టులో ఆ రాబ్ న్యూమన్ ఉన్నాడు. కానీ 1980 తర్వాత పై డివిజన్ మాత్రం ఇంతవరకు మళ్లీ చూడలేదు.

హైదరాబాద్ దాకా వచ్చిన కథ

ఈ కథలో మనకి దగ్గరైన మనిషి ఒకరున్నారు. బ్రిస్టల్ నుంచి తప్పుకున్న బాబ్ హౌటన్ ఎన్నో దేశాలు తిరిగి 2006లో ఇండియా కోచ్‌గా వచ్చాడు. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ మ్యాచ్‌లు హైదరాబాద్‌లో, ఢిల్లీలో జరిగాయి. ఢిల్లీ ఫైనల్లో తజికిస్తాన్‌ని 4-1తో ఓడించాం. సునీల్ ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు. దాంతో 1984 తర్వాత మొదటిసారి ఇండియా ఆసియా కప్‌కి అర్హత సాధించింది. బ్రిస్టల్‌లో లూప్‌ని ఆపలేకపోయిన మనిషే ఇది చేశాడు. కోచ్ మంచివాడైనా లెక్క తప్పితే ఏమీ చేయలేడని అనుకోవచ్చు.

మరి ఏం నేర్చుకుందాం?

చాలామంది ఈ కథని త్యాగం కథగా చెబుతారు. నిజమే, ఆ 8 మంది లేకపోతే క్లబ్బు లేదు. కానీ త్యాగం అనే మాట వాడగానే ఒక ప్రశ్న మాయమైపోతుంది. ఆ కాంట్రాక్టుల మీద రెండు సంతకాలు ఉన్నాయి. ఆటగాడిది ఒకటి, క్లబ్బుది ఒకటి. పడిపోయే రోజు రావచ్చని లెక్క వేసుకోవాల్సింది ఎవరు? జీతం ఇస్తామన్నవాళ్లు. కానీ బిల్లు కట్టింది జీతం తీసుకునేవాళ్లు. పైగా ఒప్పుకోకపోతే క్లబ్బుని చంపినవాళ్లనే పేరు వస్తుంది. అలాంటి చోట ఒప్పుకోవడాన్ని పూర్తిగా ఇష్టప్రకారం అనలేం.

ఇప్పుడు చాలా క్లబ్బులు కాంట్రాక్టులోనే రాసుకుంటాయి, కిందికి పడితే జీతం ఇంత శాతం తగ్గుతుందని. వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ ముందే చెప్పి తగ్గించడం వేరు, మధ్యలో పిలిచి నువ్వు వెళ్లిపోతేనే మేం బతుకుతాం అనడం వేరు. ఇంకో రెండేళ్లలో మనం కూడా ఆఫర్ లెటర్ల మీద సంతకాలు పెట్టబోతున్నాం. ప్యాకేజీ ఎంత అనే చోట అందరం చూస్తాం. కంపెనీకి రోజులు బాగోలేకపోతే ఏమవుతుంది అనే పేరా కూడా ఒకసారి చదవండి.

వచ్చే మే నెలలో ప్రీమియర్ లీగ్ టేబుల్ చూసినప్పుడు చివరి మూడు పేర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ట్రోఫీ ఎత్తేవాళ్ల ఫోటోలు ఎలాగూ అందరూ షేర్ చేస్తారు. ఆ మూడు క్లబ్బుల్లో ఎవరెవరికి ఎన్నేళ్ల కాంట్రాక్టులు మిగిలి ఉన్నాయో వెతికి చూడండి. అసలు ఆట అక్కడ మొదలవుతుంది.