హిప్నోథెరపీలో పగ్గాలు ఎవరి చేతిలో?

ప్రశ్న: మా ఆయనకు 42 ఏళ్లు. ఆరేళ్లుగా కడుపునొప్పి, ఉబ్బరం. ఒకరోజు విరేచనాలు, మర్నాడు మలబద్ధకం. పరీక్షలన్నీ బాగున్నాయని, ఇది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని డాక్టరు చెప్పి, మందులతో పాటు హిప్నోథెరపీ కూడా ప్రయత్నించమన్నారు. మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. అది వశీకరణం లాంటిదని, అందులోకి వెళ్లిన మనిషి లేవకపోవచ్చని, ఇంటి గుట్టంతా బయటపెట్టేస్తాడని భయపడుతున్నారు. పంపించవచ్చా?
– ఒక సోదరి, అలిపిరి, తిరుపతి

జవాబు: పంపించవచ్చమ్మా. అయితే మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆ భయానికి సగం కారణం పేర్లలోనే ఉంది. తెలుగులో సమ్మోహనం అన్నాం, వినగానే మంత్రగాడు గుర్తొస్తాడు. హిప్నాటిజం అన్న పేరును 1840లలో మాంచెస్టర్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ వాడుకలోకి తెచ్చాడు. అది గ్రీకులో నిద్ర అనే మాట నుంచి పుట్టింది. ఇది నిద్ర కాదని కొన్నేళ్లకే ఆయనకు తెలిసొచ్చి, మనసు ఒకే ఆలోచన మీద నిలవడం అనే అర్థంతో వేరే పేరు పెట్టబోయాడు. అప్పటికే పాతపేరు జనం నోళ్లలో నానిపోయింది. ఆయన ఆలస్యంగా దిద్దుకున్న ఆ అర్థమే సరైనది.

దీనికి దగ్గరి పోలిక మీ ఊళ్లోనే ఉంది. అలిపిరి నుంచి మెట్లపూజ చేస్తూ కొండెక్కేవాళ్లను చూసే ఉంటారు. వంగి మెట్టుకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, మళ్లీ పై మెట్టుకు వంగుతారు. చేతి వేళ్లు, నోట్లో గోవిందనామం, ఎదురుగా ఉన్న మెట్టు తప్ప ఇంకేదీ పట్టదు. నడుము ఎంత నొప్పెట్టిందో గాలిగోపురం దగ్గర కూలబడ్డాకే తెలుస్తుంది. అలాగని వాళ్లు ఒళ్లు తెలియని స్థితిలో లేరు, పక్కన పిల్లవాడు జారితే గభాలున చెయ్యి పట్టుకుంటారు. భక్తి, వైద్యం ఒకటేనని నేను చెప్పడం లేదు. ధ్యాస ఒకచోట కుదురుకుంటే నొప్పి మనల్ని బాధించే తీరు మారుతుందని చెప్పడానికే ఈ పోలిక. హిప్నోథెరపిస్టు ఆ ధ్యాసను కుదుర్చుకోవడానికి దారి చూపిస్తాడు. కుదుర్చుకునేది మాత్రం మీ ఆయనే.

ఐబీఎస్‌కు చేసే పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. కుర్చీలో కళ్లు మూసుకుని ఊపిరి నెమ్మదిస్తారు. అరచెయ్యి పొట్టమీద పెట్టుకుని ఆ వెచ్చదనం లోపలికి దిగుతున్నట్టు, ఏరు ఒడిదుడుకుల్లేకుండా పారుతున్నట్టు పేగు కదులుతోందని ఊహించుకుంటారు. చెప్పే ప్రతి మాటా వినపడుతూనే ఉంటుంది. నచ్చకపోతే కళ్లు తెరవచ్చు. చెప్పకూడదనుకున్న మాట చెప్పకుండా ఉండవచ్చు, అబద్ధం కూడా ఆడవచ్చు. చికిత్స చేసేవారు మధ్యలో లేచి వెళ్లిపోయినా కాసేపటికి మీ ఆయన తనంతట తానే కళ్లు తెరుస్తారు, లేదా కునుకుతీసి లేస్తారు.

‘అయితే ఇదంతా నమ్మకం తప్ప మందు కాదుగా’ అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం మందులకు లొంగని తీవ్రమైన ఐబీఎస్ ఉన్న 30 మందిని రెండు జట్లు చేసి, 1984లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. ఒక జట్టుకు హిప్నోథెరపీ, రెండో జట్టుకు మాటల చికిత్సతో పాటు మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. నమ్మకమే పనిచేసి ఉంటే రెండు జట్లూ ఒకేలా తేరుకోవాలి. హిప్నోథెరపీ జట్టు చాలా ముందుంది. 30 మంది అంటే చిన్న సంఖ్యేననుకోండి. కానీ తర్వాతి అధ్యయనాలూ చాలావరకు అదే దారిలో నడిచాయి. ఏడాదిపాటు మందులు వాడినా తగ్గని ఐబీఎస్‌కు దీన్ని పరిశీలించవచ్చని 2008లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో చేర్చారు.

ఇక స్టేజీ షోల సంగతి. మన తెలుగువాళ్లలో చాలామందికి హిప్నాటిజం అన్న మాట ఇంద్రజాలికుడు, మనస్తత్వ నిపుణుడు బి.వి. పట్టాభిరామ్ వల్లే పరిచయమైంది. ఆయన 2025లో కన్నుమూశారు. ఎవరి స్టేజీ షోలోనైనా వేదికెక్కేది ఇష్టపడి వచ్చినవాళ్లే. చిన్నచిన్న పరీక్షలు పెట్టి, బాగా స్పందించేవాళ్లనే ఉంచుకుంటారు. చూపులో శక్తి ఉంటే ఆ ఏరివేత ఎందుకు? ఒకే మనిషి, అవే మాటలు చెప్పినా కొందరు లోతుగా వెళతారు, కొందరు అసలు కదలరు. ఆ తేడాను కొలవడానికి 1959లో స్టాన్‌ఫోర్డ్‌లో ఒక కొలమానం తయారుచేశారు. మాటలను టేపులో వినిపించినా స్పందనలు దాదాపు అలాగే వస్తాయి. టేపుకు కళ్లుండవు, మంత్రం రాదు. ఈ ఒక్క సంగతి మీ అత్తగారికి చెప్పండి.

ఒక జాగ్రత్త. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే ముందు మళ్లీ కడుపు డాక్టరుకు చూపించాలి. లేని శబ్దాలు వినపడే మానసిక జబ్బులున్నవారికి సైకియాట్రిస్టు చెప్పనిదే ఈ చికిత్స వద్దు.

ప్రశ్న: ఇంట్లో నగలు పోయాయి. అనుమానమున్న మనిషిని హిప్నటైజ్ చేయిస్తే నిజం బయటపడుతుందా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: బయటపడదు, పైగా అన్యాయం జరుగుతుంది. జ్ఞాపకం వీడియో కాదు. తలచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొత్తగా అల్లుకుంటుంది. హిప్నాసిస్‌లో అడిగే ప్రశ్నలోని సూచనలూ ఆ అల్లికలో కలిసిపోతాయి. ఫలితంగా జ్ఞాపకం సరైనది కాకపోయినా, అదే నిజమన్న ధీమా మాత్రం పెరుగుతుంది. పూర్వజన్మ చూపిస్తామనేవాళ్ల దగ్గర జరిగేదీ ఇదే. నార్కో పరీక్ష, లై డిటెక్టర్ వంటివి మనిషి సమ్మతి లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పోలీసులకే లేని అధికారం మనకెక్కడిది? ఫిర్యాదు ఇవ్వండి.

ప్రశ్న: హిప్నాటిజంతో ఒక్క సిట్టింగ్‌లో మా అబ్బాయి చేత తాగుడు మాన్పిస్తామంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక తల్లి, పుత్తూరు

జవాబు: నమ్మకండమ్మా. తన ధ్యాసతో తాను చేసుకోవాల్సిన పనిని ఇంకొకరు ఒక్క పూటలో చేసిపెట్టలేరు. పైగా రోజూ ఎక్కువగా తాగే మనిషి వైద్య పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. హిప్నోథెరపీని చికిత్సా పద్ధతిగా రిజిస్టరైన వైద్యులు, తగిన శిక్షణ పొందినవారు చేయవచ్చని 2003లోనే కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు వారి అర్హత అడగండి. మీ అబ్బాయిని తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. అంతవరకు ఆగలేకపోతే టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.