కంప్యూటరులో చోటు – క్లౌడులోని ప్రతి

కంప్యూటరులో చోటు చాలకపోగా, విద్యార్థుల తెలుగు వ్యాసములున్న వన్‌డ్రైవ్ ఫోల్డరును ఒకనాడు మేము తొలగించితిమి. క్లౌడులో ప్రతి యున్నది గదా యని మా ధైర్యము. మరునాడు చూడగా అచటను లేదు!

కారణమేమి? సింక్ అనగా రెండు చోట్లను ఒకే తీరుగ నుంచుట. ఇచట చెరిపినది అచటను చెరుగును. కావున చోటు కావలసినపుడు ఫైలును తొలగింపరాదు. దానిపై మౌసు కుడిమీట నొక్కి, ‘ఫ్రీ అప్ స్పేస్’ అనుదానిని ఎన్నుకొనవలెను. అపుడు ఫైలు క్లౌడులో నిలుచును. డిస్కులో దాని పేరు మాత్రము కనబడును. ఇంటర్నెట్టు ఉన్నపుడు తెరచుకొనవచ్చును.

పొరపాటున తొలగించినచో, వ్యక్తిగత ఖాతాలో సాధారణముగ 30 దినములలోపల వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్ నుండి మరల పొందవచ్చును. మేమును అట్లే పొందితిమి.

అయినను పెన్‌డ్రైవులో వేరొక ప్రతి నుంచుట మేలు. మన పిల్లల తెలుగు వ్రాతలు పోయినచో మరియొకచోట దొరకవు గదా!