పెరటి మొక్క పేరు ముందు తేల్చు

రఘూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నాటకుండానే మొలిచి ఈ ఒక్క వానాకాలంలోనే నీ తలెత్తు దాటిందన్నావు. వేపే కదా ఉంచేద్దామా, గోడకు చేటని కొట్టించేద్దామా అని అడిగావు. రెండూ ఇప్పుడే వద్దు నాయనా. అదేమిటో తెలియకుండా ఉంచడం ఎంత తప్పో, కొట్టడమూ అంతే తప్పు.

ఫోటో దూరం నుంచి తీశావు. నాకు ఆకు కావాలి. లేత చిగురు కాకుండా కాస్త ముదిరిన ఆకును కాడ మొదలంటా తుంచి తెల్ల కాగితం మీద పరుచు. కాడ కొమ్మను అంటిన చోట చంకలో చిన్న మొగ్గ ఉంటుంది. అక్కడి నుంచి కొస దాకా ఉన్నదంతా కలిపి ఒకే ఆకు. దాని మీద వరుసగా కనిపించేవి చిట్టి ఆకులు, వాటి మొదట్లో మొగ్గ ఉండదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

వేపకు చిట్టి ఆకులు నడి ఈనె మీదే నేరుగా పుడతాయి. అంచున రంపపు పళ్లు, కొద్దిగా కొడవలి వంపు ఉంటాయి. చిట్టి ఆకు మొదలు రెండు పక్కలా సమంగా ఉండదు. నీ మొక్కకు నడి ఈనె నుంచి పక్క ఈనెలు చీలి, వాటి మీద చిట్టి ఆకులు ఉంటే అది తురక వేపో, మలబారు వేపో అయి ఉంటుంది. గింజ నుంచి మొలిచిన వేప మొదటి ఏడాదే నీ తల దాటడం నేను చూడలేదు కాబట్టి నా అనుమానం వీటి మీదే. తురక వేప లేత ఊదారంగు పూలు పూస్తుంది. ఆకు రాలినా పసుపుపచ్చ కాయలు గుత్తులుగా చెట్టునే వేలాడుతుంటాయి. ఆ కాయలు విషం. పిల్లలు వేపపండు అనుకుని నోట్లో పెట్టుకుంటారు, ఇంట్లో చంటిదాన్ని పెట్టుకుని ఆ చెట్టును ఉంచవద్దు. మలబారు వేపను ప్లైవుడ్ కలప కోసం రైతులు తోటలుగా వేస్తున్నారు. పొలంలో మంచిదే, నీ ఇరుకు పెరట్లో దానికి చోటు లేదు.

పెద్దమాను కూడా వేపలా భ్రమ పెడుతుంది. కానీ దాని ఆకు మూరెడు దాటుతుంది, నలిపితే వాసన భరించలేం. కలప మరీ మెత్తన, అగ్గిపెట్టెలకు వాడతారు. అలాంటి కొమ్మలు ఇంటి కప్పు మీదికి వాలడం నాకు ఇష్టం లేదు.

ఇంకో సంగతి. ఇల్లు కట్టకముందు అక్కడ చెట్టేదైనా ఉండేదా? మొక్క మొదట్లో జానెడు తవ్వి చూడు. పాత మొద్దు నుంచి లేచిన పిలక అయితే, పాత వేళ్ల బలంతో ఏ చెట్టైనా ఇంత వేగంగా పెరుగుతుంది. అప్పుడది వేపే కావచ్చు.

పునాదికి తోలించిన మట్టితో సుబాబుల్ గింజలూ వచ్చి ఉండొచ్చు, మన వైపు కాగితం మిల్లుల కోసం దాన్ని ఎకరాల కొద్దీ వేశారు. చింతాకు లాంటి సన్నని చిట్టి ఆకులు, రెండుసార్లు చీలిన ఆకు, ముళ్లు ఉండవు, బంతుల్లాంటి తెల్లని పూలు. ముళ్లుంటే సర్కారు తుమ్మేమో చూడు. కొడితే రెండూ మళ్లీ చిగురిస్తాయి, నేల తడిగా ఉన్నప్పుడు చిన్నగా ఉండగానే వేరుతో పీకెయ్. సంపు గోడ పగుల్లో రావి మొలిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకు.

ఆకు తుంచినప్పుడు పాలు కారితే కళ్లకు తగలనీయకు. ఏ ఆకునూ కొరికి రుచి చూడకు. ఫోన్‌లో యాప్ చెప్పిన పేరుతో సరిపెట్టుకోకు, లేత మొక్కల ఆకులు ముదిరిన చెట్టు ఆకుల్లా ఉండవు.

ఆలస్యమూ చేయవద్దు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం పెరిగిన చెట్టును కొట్టడానికి ముందుగా అనుమతి కావాలి. ఏయే చెట్లకు మినహాయింపు ఉందో అటవీశాఖ వాళ్లను అడుగు.

ఆకు ముందు వెనకలు, ఆకు చంక, మొక్క మొదలు దగ్గరగా ఫోటోలు తీసి ఈ ఆదివారంలోగా పంపు. గోడకూ మొక్కకూ మధ్య ఎన్ని అడుగులుందో కొలిచి రాయి. అప్పటిదాకా దాని మీద కత్తి పడనీయకు.

ఇట్లు,
మీ పెదనాన్న