తొడిమ యంత్రం చేస్తున్న మేనల్లుడికి

జగ్గయ్యపేట



మిరపకాయలకు తొడిమలు తీసే యంత్రం చేస్తున్నావని నందిగామ నుంచి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. పగలంతా తొడిమలు తీసి, రాత్రి వేళ్లు మండి అన్నం కలుపుకోలేని ఆడవాళ్లను చూస్తూ పెరిగాం మనం. ఆ మంట తీర్చే పని ఎంత కష్టమైనా చెయ్యాల్సిందే.

ఆలేరు దగ్గర శారాజిపేటలో పుట్టిన చింతకింది మల్లేశం గారి సంగతి తెలుసుకో. పోచంపల్లి చీరకు ఆసు పొయ్యాలంటే, అంటే మేకుల చుట్టూ నూలు చుట్టాలంటే, వాళ్లమ్మ లక్ష్మి గారు ఒక్కో చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించాల్సి వచ్చేది. ఆ భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం పూర్తిచేశారు. ఆరో తరగతితోనే చదువు ఆగిన మనిషి. హైదరాబాదులో పనిచేసుకుంటూ, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కో భాగం చేయించారు. యంత్రానికి వాళ్లమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాకు పద్మశ్రీ కన్నా గొప్పగా కనిపించేది ఇంకొకటి ఉంది: ఆ యంత్రం పనికొస్తుందో లేదో చెప్పాల్సిన మనిషి ఆయన ఇంట్లోనే ఉంది.

నీకూ అమ్మ ఉంది. తలుపేసుకుని ఆమె ముందే యంత్రం నడుపు. బాగా ఎండిన తేజ రకం కాయ పెళుసుగా ఉంటుంది, చిట్లితే గింజ రాలిపోతుంది, ధర పడిపోతుంది. సన్నటి తేజ మీద కుదిరిన యంత్రం పళ్లు ముడతల బాడిగ రకం మీద కుదరకపోవచ్చు. తొడిమ ఎంత వేగంగా ఊడిందని నువ్వు చూస్తావు. కాయ ఎంత మిగిలిందని మీ అమ్మ చూస్తుంది. ఆమె లెక్కే ఖాయం చేసుకో.

ఇలాంటి యంత్రాలు ఇప్పటికే బజారులో ఉన్నాయి. నీదాంట్లో కొత్తేమిటో ఒక్క వాక్యంలో రాసుకో. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో పాత దరఖాస్తులు ఉచితంగా వెతకొచ్చు. కొత్తదనం తేలేదాకా, దరఖాస్తు పడేదాకా వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో పెట్టకు. నలుగురికీ తెలిసిపోయినదానికి పేటెంట్ రాదు. మన రాష్ట్రానికి చెన్నై ఆఫీసు. ముందు ప్రొవిజినల్ దరఖాస్తు వెయ్యి, ఆ తర్వాత పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు గడువు ఉంటుంది. దారి చూపడానికి హైదరాబాదులో పల్లె సృజన సంస్థ వాళ్లున్నారు, అడుగు. ముందు డబ్బు కడితే నీ యంత్రాన్ని కంపెనీలకు అమ్మిపెడతామనేవాళ్ల జోలికి పోకు. యంత్రం ఖర్చుకోసం చేను మాత్రం తాకట్టు పెట్టకు, ఇది నా మాటగా ఉంచుకో.

సంక్రాంతి దాటితే కళ్లాల్లో కాయ పడుతుంది. అంతకు ముందే దరఖాస్తు వేస్తే ఒక కోత సీజనంతా ఆ 12 నెలల్లోనే వస్తుంది. దరఖాస్తు నంబరు రాగానే యంత్రం ట్రాక్టర్ మీద వేసుకుని మా కళ్లానికి రా. కాయా, కూలీలూ నా పూచీ.

ఇట్లు,
మీ మామయ్య