సౌలు యొద్ద సితారా, మా యొద్ద నీటిరంగులు

పాఠభాగము: 1 సమూయేలు 16:14–23, 18:10, 11

పైని రెండు భాగములను ఒకేసారి చదువుడి. సండే స్కూలులో మనము పిల్లలకు మొదటిదానిని మాత్రమే చెప్పుచుందుము. రాజు మనస్సు చెదరియున్నప్పుడు గొఱ్ఱెల కాపరియైన దావీదు వచ్చి సితారా వాయించెను, రాజు సేదదీరెను, కథ ముగిసెను. రెండవ భాగములో అదే యిల్లు, అదే వాద్యము, అదే చేయి. కాని ఈసారి రాజు చేతిలో ఈటె యున్నది. సంగీతము ఆ దినమున అతనిని పట్టి నిలుపలేకపోయెను. మొదటి భాగము చదివి ఆగినవాడు కళయే రోగమును కుదుర్చుననుకొనును. రెండవది మాత్రమే చదివినవాడు కళ వలన ప్రయోజనమే లేదనుకొనును. ఈ రెండును పొరపాట్లే అని మేము మా బ్రతుకులో కొంత వెల యిచ్చి నేర్చుకొంటిమి. ఈ నెల పాఠము అందుకొరకే వ్రాయుచున్నాము.

మేము హనుమాన్ జంక్షన్ దాపున నివసించువారము. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసికొను ఆ కూడలిని ఎరుగనివారు మన పాఠకులలో తక్కువ. ఈ పాఠము వ్రాయు మాకు పదేండ్లకు పైగా బైపోలార్ అను మనోవ్యాధి యున్నది. నాలుగేండ్లుగా నీటిరంగులతో బొమ్మలు వేయుట నేర్చుకొనుచున్నాము. సౌలు బాధకు నేటి వైద్యుల పేరు తగిలించుట మా ఉద్దేశము కాదు. వాక్యము చెప్పినంతవరకే చెప్పుదుము.

ఈ వ్యాధికి రెండు కొనలు గలవు. ఒక కొనను మనస్సు పొంగును. రాత్రి రెండు గంటలు నిద్రించినను అలసట తెలియదు. మాటలు ఒకదానిమీద నొకటి దొరలును, చేతిలోని సొమ్ము నిలువదు, తాను చేయలేని కార్యము లేదని తోచును. రెండవ కొనను మనస్సు క్రుంగును. స్నానము చేయుట కొండ ఎక్కినంత పని యగును, ప్రార్థనకు నోరు పెగలదు, చచ్చిపోవుటయే మేలని తోచును. ఒక్కొక్క కొన వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు నిలుచును. నడుమ మనిషి మామూలుగానే యుండును. 2019లో లోకమంతట సుమారు 4 కోట్లమందికి ఈ వ్యాధి యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పినది. ఇది కొన్ని వంశములలో ఎక్కువగా కనబడును. పాపము వలన గాని విశ్వాసపు కొరత వలన గాని వచ్చునది కాదు.

మన పల్లెలలో దీనికి వేరు పేర్లున్నవి. పొంగినప్పుడు "ఆత్మ నింపుదల" అందురు, క్రుంగినప్పుడు "దయ్యము పట్టినది" అందురు. మేమును మొదట అట్లే యనుకొంటిమి. మొదటిసారి మాకు పొంగు వచ్చినప్పుడు రాత్రులు తెల్లవార్లు ప్రార్థన చేసి, తెల్లవారుజామున ఇండ్ల తలుపులు తట్టి వాక్యము చెప్పితిమి. కౌలు సొమ్ము యావత్తు మూడు దినములలో పంచిపెట్టితిమి. సంఘములో కొందరు సంతోషించిరి కూడ! మా భార్య మాత్రము సంతోషింపలేదు. ఆమె మా నిద్రను లెక్కబెట్టుచుండెను.

ఇక మందుల సంగతి. హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో నున్నప్పుడు దేవుడు అతని ప్రార్థన విని స్వస్థత వాగ్దానము చేసెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను (2 రాజులు 20). వాగ్దానమును ముద్దయు ఒకే అధ్యాయములో నున్నవి. మా విషయములో ఆ ముద్ద లిథియం అను మాత్ర. లిథియం ఒక లవణము. 1949లో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ కేడ్ అను వైద్యుడు మనసు పొంగిన రోగులకు దీనివలన నెమ్మది కలుగుచున్నదని ప్రకటించెను. ఈ మందు రక్తములో తక్కువైనచో పని చేయదు, ఎక్కువైనచో విషమగును. కనుక వైద్యుడు చెప్పిన గడువులకు రక్తపరీక్ష చేయించుకొనవలెను, మూత్రపిండములను థైరాయిడ్‌ను కూడ చూపించుకొనవలెను. మన మే నెల ఎండలలో చెమట పోసి ఒంటిలో నీరు తగ్గినను, ఉప్పు ఒక్కసారిగా మానివేసినను మందు రక్తములో పెరుగును. ఒళ్లు నొప్పులకని మందుల దుకాణములో ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి అడిగి మ్రింగుట కూడ ప్రమాదమే. వాంతులు, విరేచనములు, తూలుట, చేయి మరీ వణకుట కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లవలెను. ఈ వ్యాధికే ఇచ్చు వాల్‌ప్రోయేట్ అను వేరొక మందు గర్భములోని శిశువునకు హాని చేయగలదు. కాన్పు వయస్సులోని సహోదరీలు ఆ సంగతి వైద్యునితో ముందే మాటలాడవలెను గాని తమంతట తాము మానివేయరాదు.

మేము ఒకసారి మానివేసితిమి. ఎనిమిది నెలలు బాగుగా నుంటిమి. అప్పుడొకరు వచ్చి, మాత్ర మ్రింగుట అవిశ్వాసమని చెప్పిరి. ఆ మాట మాకు తియ్యగా నుండెను, ఏలయనగా మాత్రల వలన చేయి కొంచెము వణకుచుండెను, మనస్సులోని రంగు వెలిసినట్లు తోచుచుండెను. మాత్రలన్నిటిని కాలువలో పారవేసితిమి. మందు హఠాత్తుగా మానినచో వ్యాధి తిరుగబెట్టుట సామాన్యము. అయిదు వారములలో మేము ఆసుపత్రిలో నుంటిమి.

నీటిరంగులు ఆ తరువాత వచ్చినవి. ఇంటికి వచ్చిన మొదటి నెలలలో ఏ పనియు చేతికి రాలేదు. మా వీధిలో పదవీ విరమణ పొందిన డ్రాయింగు మాస్టారొకరు కలరు. ఆయన ఒక సాయంకాలము రంగుబిళ్లల పెట్టె, ఒక గుండ్రని కుంచె, రెండు గ్లాసుల నీళ్లు మా అరుగుమీద పెట్టిరి. ఒక గ్లాసు కుంచె కడుగుటకు, ఒకటి శుభ్రమైన నీటికి. కాగితము మాత్రము మందమైనది తెచ్చిరి, చదరపు మీటరు 300 గ్రాములు తూగునది. పలుచని కాగితము తడిసినచో అప్పడమువలె ఉబ్బును.

మొదటి పాఠము ఆకాశము. పలకను కొద్దిగా వాల్చి, నీలిరంగు నీళ్లను పైయంచున అడ్డముగా నింపి, క్రింద చేరిన నీటిబొట్టును కుంచెతో వరుస వరుసగా దించుకొనుచు రావలెను. నడుమ ఆగినచో గీత పడును. ఆరక ముందే వెనుకకు వెళ్లి దిద్దినచో మచ్చ పడును. మేము ప్రతిసారియు దిద్దుచుంటిమి. మాస్టారు నవ్వి, "ఆరనివ్వు బాబూ. నీళ్లతో తొందర పనికిరాదు" అనిరి. శ్రావణ మాసపు ముసురులో ఒక పూత ఆరుటకు అరగంట పైన పట్టును. మే నెలలో కుంచె వెనుకనే ఆరిపోవును. ఆ అరగంట ఊరక కూర్చుండుటయే మాకు అన్నిటికంటె కష్టమైన పాఠము. పొంగిన మనస్సు చేయలేని పని అదియే.

రెండవ పాఠము కొంగ. సార్వా నాట్లు పడిన మడిలో తెల్లకొంగలు వాలియుండును గదా. వాటికి తెల్లరంగు ఏదని అడిగితిమి. ఈ పద్ధతిలో తెల్లరంగు వాడరట. తెలుపు కాగితముదే. కొంగ యున్నచోట రంగు వేయక, చుట్టు పచ్చని మడి మాత్రము వేయవలెను. వేయని చోటే కొంగ. ఆ పచ్చను కూడ పెట్టెలో నుండి తీయనీయలేదు. నీలమును పసుపును కలిపి నారుమడి పచ్చ వేరుగా, ఎదిగిన చేను పచ్చ వేరుగా, మామిడి తోట పచ్చ వేరుగా చేయించిరి. దీనికే రెండు నెలలు పట్టెను.

ఈ విద్య మన జిల్లాకు కొత్తది కాదు. 1910లో మచిలీపట్టణమున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో వంగదేశీయుడైన ప్రమోదకుమార ఛటర్జీ చిత్రకళ నేర్పెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. వంగదేశపు చిత్రకారులు ఒక పూత ఆరిన పిమ్మట కాగితమును నీళ్లలో ముంచి, మరల పూయుచు, మంచు కప్పినట్టి మెత్తదనము తెచ్చెడివారు. 1903లో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారుల పనిని చూచి అవనీంద్రనాథ టాగూరు ఆ దారి పట్టెనందురు. మేము ఒకసారి ముంచి చూచితిమి. మా మడి, కొంగ, ఆకాశము మూడును బకెట్టులో కలిసిపోయెను.

చేతి వణకు సంగతి అడుగువారున్నారు. మా వైద్యునికి చెప్పితిమి. ఆయన రక్తపరీక్ష చూచి మోతాదు సరిచూచిరి. వణకు తగ్గెను గాని పోలేదు. చిటికెనవ్రేలు కాగితమునకు ఆనించి కుంచె పట్టుట మాస్టారు నేర్పిరి. తాడిచెట్టు మొదలు ఇప్పటికిని తిన్నగా రాదు. వరి కంకులకు ఆ వణకే సరిపోవుచున్నది.

అసలు మేలు మేము తలచని చోట కలిగెను. ప్రతి బొమ్మ వెనుక తేదీయు, ముందు రాత్రి నిద్రించిన గంటలును వ్రాయుమని మా భార్య చెప్పెను. ఏడాది గడిచిన తరువాత వాటిని నేలమీద పరచి చూచితిమి. నిద్ర ఏడు గంటలున్న దినముల బొమ్మలలో కొంగలు తెల్లగా నున్నవి. నిద్ర నాలుగు గంటలకు దిగిన వారములో రంగులు మండిపోవుచున్నవి, పూత ఆరక ముందే పూత, ఒక రాత్రిలో పదకొండు బొమ్మలు, ఒక్కదానిలోను తెలుపు లేదు. వేయుచున్నప్పుడు అవే మా జన్మలో శ్రేష్ఠమైనవని నమ్మితిమి! చూడగా బురద. క్రుంగిన నెలలలో కాగితములు ఖాళీ, వెనుక తేదీ మాత్రమే. ఒకప్పుడు పెట్టె మూడు నెలలు మూతపడియుండెను. రంగుబిళ్లలో బంక ఉండును గనుక ఎండి బీటలు వారినను నాలుగు చుక్కల నీటికి మరల కరిగెను.

పోయిన సంవత్సరము పంట కోతల కాలములో మా భార్య ఒక బొమ్మ చూచి, "కొంగలేవండీ?" అని అడిగెను. అవసరము లేదని విసుగుకొంటిమి. ఆమె వెనుకకు త్రిప్పి చూచెను. మూడు గంటలని యుండెను. ఆ మరునాడే బస్సెక్కించి విజయవాడలో వైద్యునికి చూపించెను. ఆయన ఆ బొమ్మలను వరుసగా చూచి మందు మార్చిరి. ఈసారి ఆసుపత్రిలో చేరవలసిన పని లేకపోయెను. బొమ్మ మమ్మును బాగుచేయలేదు. బాగుచేయవలసిన సమయమును చూపెను.

రోగమే కళను ఇచ్చుననియు, మందు దానిని దొంగిలించుననియు కొందరందురు. మేమును ఒకప్పుడు అట్లే భయపడితిమి. విన్సెంట్ వాన్ గో ఒక పాదిరిగారి కుమారుడు. 1879లో బెల్జియం బొగ్గుగనుల కార్మికుల మధ్య సువార్త చెప్పినవాడు. అతని రోగము పేరు నేటికిని తేలలేదు. 1889 మే నెలలో సెయింట్ రెమీ అను ఊరి ఆసుపత్రిలో చేరి, ఒక్క ఏడాదిలో సుమారు 150 చిత్రములు వేసెను. కాని రోగము తీవ్రమైన దినములలో పని సాగలేదు, రంగులనే మ్రింగబోయెనని వాటిని అతని దరి చేరనీయలేదు. ఆ చిత్రములు ముఖ్యముగా నడిమి నెమ్మది దినములలోనివి.

మనకు మరింత దగ్గరవాడు విలియం కూపర్ (1731–1800). జాన్ న్యూటన్‌తో కూడి అతడు వ్రాసిన కీర్తనలు 1779లో అచ్చయి లోకమంతట పాడబడుచున్నవి. అతడు మాటిమాటికి ఘోరమైన క్రుంగుదలలో పడెను. 1773 నాటి దెబ్బ తరువాత దేవుడు తన్ను విడిచెనని నమ్మి ఆరాధనకు వెళ్లుట మానెను. అయినను వడ్రంగము చేసెను, తోట పెంచెను, కుందేళ్లను సాకెను, బొమ్మలు గీయుట నేర్చెను. అవి అతనికి గంటలు గడుపుటకు తోడ్పడెను గాని రోగమును తీసివేయలేదు. అతని కాలమున లిథియం మాత్ర లేదు. ఆ గదిలో సితారా మాత్రమే యుండెను. మనకు ఇప్పుడు రెండును ఉన్నవి.

సంఘమునకు ఒక మనవి. ఇట్టివారి యింటికి వెళ్లినప్పుడు దయ్యము సంగతి ఎత్తవద్దు. ప్రార్థించుడి, ప్రార్థించి లేచుచు "మాత్ర వేసికొన్నారా, నిద్ర పట్టినదా" అని కూడ అడుగుడి. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు దేవదూత మొదట అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును పెట్టి, మరల నిద్రపోనిచ్చెను (1 రాజులు 19). చావు మాటలు వినబడినచో ఆ మనిషిని ఒంటరిగా విడువక, 14416 నంబరుకు ఫోను చేయుడి. అది 2022లో ప్రభుత్వము పెట్టిన టెలి మానస్ సేవ. ఖర్చు లేదు, తెలుగులోనే మాటలాడుదురు. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోను మానసిక వైద్య విభాగము కలదు.

ఇది వ్రాయుచుండగా బల్లమీద ఒక కాగితము ఆరుచున్నది. కోతలైన పొలములో మినుము మొలకలు, మూడు కొంగలు. గట్టు నీడ ఇంక వేయవలసియున్నది. రెండవదాని మెడ మీదికి పచ్చ కొంచెము ప్రాకినది గాని ముట్టుకొనలేదు. వెనుక ఏడు గంటలని వ్రాసియున్నాము.