పొగబెట్టిన గొర్రెపాల జున్ను: దాని తయారీ, ఉపయోగములు

గొర్రెలను పోషించు రైతులకును, కాపరులకును తెలియజేయునదేమనగా, ఉన్ని ధర పడిపోయినను పాలవలన మంద నిలిచిన దేశమొకటి కలదు. అది పోలెండు. అచ్చటి దక్షిణపు సరిహద్దున తాత్రా పర్వతముల క్రింద నున్న పొద్‌హాలె సీమలో ‘ఒస్త్సిపెక్’ అను జున్ను చేయుదురు. మన వాడుకలో జున్ననగా ముర్రుపాలను కాచినది. ఇది యట్టిది కాదు. పాలను విరిచి, నీరు తీసి, ముద్దచేసి, పొగబెట్టి నిలువయుంచునది. వేరు మాట దొరకనందున జున్ననియే తర్జుమా చేయవలసివచ్చినది.

ఏప్రిలు నెలాఖరున మందలు కొండమేతకు పోయి సెప్టెంబరు కడపట దిగివచ్చును. పెద్దకాపరిని ‘బాత్స’ యందురు. పిల్లలు చలికాలమున పుట్టి, పాలు మానిన పిదపనే తల్లులను పిదుకుదురు. ఈ క్రమమును మరువరాదు. రాత్రివేళ దొడ్డిని ఒక్కచోటనే యుంచక, కొన్ని దినములకొకమారు జరుపుచు పచ్చికబయలంతయు ఎరువు పడునట్లు చేయుదురు. మన పొలములలో మంద కట్టించుట యెరిగినవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు.

గొర్రెపాలయందు నూటికి 6, 7 పాళ్లు వెన్న యుండును. ఆవుపాలకంటె చిక్కనివి, బఱ్ఱెపాలతో పోల్చదగినవి. వడకట్టిన పాలను గోరువెచ్చగా చేసి, దూడ కడుపునుండి తీసిన ‘రెన్నెట్’ అను తోడు వేయుదురు. పులుపు వేసి విరిచిన పాలు పొడిపొడియగును. రెన్నెట్ వేసినవి మెత్తని గడ్డగా పేరుకొని సాగును. ఆ గడ్డను చిదిపి, అడుగునకు దిగిన ముద్దను చేతులతో పిసుకుచు, మాటిమాటికి వేడినీట ముంచి, చెక్కడపు పనిగల కొయ్య అచ్చులో నొత్తుదురు. రెండు కొనలు సన్నగిలి నడుమ లావుగానుండి కదురును పోలియుండును. పొడవు 17 మొదలు 23 సెంటీమీటరులు, బరువు 600 మొదలు 800 గ్రాములు, అనగా సుమారు 50 మొదలు 70 తులములు. పిదప ఉప్పునీట నూరబెట్టి, గుడిసెలో పొయ్యికి పైనున్న అటుకమీద పెట్టుదురు. 3 మొదలు 14 దినములు చల్లని పొగ తగులవలెను. పొగవలన పైభాగమారి బూజు త్వరగా పట్టదు. రంగు గోధుమవన్నెకు తిరుగును. వేడిపొగ తగిలిన జున్ను మెత్తబడి ఆకారము చెడును.

దీనిని పలుచగా కోసి ఊరకయే తిందురు. నిప్పులపై కాల్చి పుల్లని పండ్లపాకముతోను తిందురు. మిగిలిన ముద్దతో మేక, కోడి మున్నగు బొమ్మలుచేసి పిల్లలకిత్తురు. విరుగుడునీటిని కాచి ‘జెన్‌తిత్స’ యని త్రాగుదురు. పారబోయునదేమియు లేదు.

పోలెండున 1980 దశకపు నడుమ గొర్రెలు 40 లక్షలకు పైగానుండెను. 1989 తరువాత ఉన్నికి ధర లేక, 2000 నాటికి 4 లక్షలలోపునకు తగ్గినవి. కొండమీద మిగిలిన మందలకు ఈ జున్నే ఆధారమైనది. అయితే బజారులో ఉత్త ఆవుపాలతో చేసి అదే పేరు పెట్టి యమ్మువారు హెచ్చిరి. నిజమైన కాపరి పాలకు ధర యెట్లు నిలుచును? కావున 2008లో యూరోపు సమాఖ్యవారు ఆ పేరును ఆ సీమకే దాఖలు చేసిరి. గొర్రెపాలు నూటికి 60కి తగ్గరాదు. మిగిలినవి అచ్చటి ఎర్రజాతి ఆవుపాలే కావలెను. మే మొదలు సెప్టెంబరు వరకే చేయవలెను. పొరుగు స్లొవాకియాలోను ఇట్టి జున్నే కలదు గాన వారు తొలుత అభ్యంతరము చెప్పి, పిదప సమ్మతించిరి.

మన దక్కను నల్లగొర్రెకును కంబళి గిరాకి తగ్గి, దాని తావున బొచ్చులేని ఎర్రగొర్రె వచ్చుచున్నది. అట్లని రేపే పాలు పిదుకుడని చెప్పుటకాదు. మన గొర్రెల పాలు వాని పిల్లలకే సరిపోవును. పిల్లల కడుపుకొట్టి చేసిన జున్ను నష్టమే.

మరియొక సంగతి. ఒస్త్సిపెక్‌ను కాచని పాలతోనే చేయుదురు. గర్భస్రావములగుచున్న మందలో బ్రుసెల్లా తెగులుండవచ్చును. అది పాలద్వారా మనుష్యులకును తగులును. అట్టి మంద పాలను పొంగువరకు కాచక త్రాగరాదు. పశువైద్యునికి వెంటనే తెలుపవలెను.