దీపం పెడుతున్నా మనసు కదలని రోజుల్లో...

ఈ వారం గజేంద్ర మోక్షం వీడియోలో ఒక మాట సగంలో వదిలేశాను, టైమ్ సరిపోలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న పోయిన ఏడాది నేను నెక్కొండలో మా ఇంట్లోనే ఉన్నాను. రెండు పూటలా దీపం పెట్టేదాన్ని, విష్ణు సహస్రనామం చదివేదాన్ని. నోరు నామాలు చదువుతుంటే చెవి మాత్రం స్టేషన్ వైపు రైలు కూత మీద ఉండేది. కన్నీళ్లు రావు, హాయి రాదు, చివరికి కోపం కూడా రాదు. గోడతో మాట్లాడుతున్నట్టే. నా భక్తి అయిపోయిందా, అసలు ఇన్నాళ్లూ ఉన్నది అలవాటేనా అని భయం వేసింది.

అప్పుడు నన్ను ఆదుకున్నది భాగవతం. మొదటి స్కంధంలో నారదుడు తన వెనకటి జన్మ చెప్తాడు. ఒక దాసి కొడుకు. తల్లి పాము కాటుతో పోయింది. పిల్లవాడు ఒంటరిగా అడవిలోకి వెళ్లి, రావిచెట్టు కింద కూర్చుని ధ్యానం చేస్తే హరి మనసులో కనిపించాడు. అంతలోనే మాయమయ్యాడు. మళ్లీ ఎంత ప్రయత్నించినా కనిపించలేదు. చివరికి మాట ఒక్కటే వినిపించింది: ఈ జన్మలో ఇక నన్ను చూడలేవు, నీకు నా మీద కోరిక పెరగాలనే ఒక్కసారి కనిపించాను అని. గమనించారా? ఆ పిల్లవాడు తప్పేం చేయలేదు. కనిపించకపోవడం శిక్ష కాదు. అయినా మిగతా జీవితమంతా నామం పాడుకుంటూ తిరిగాడు.

ఇక గజేంద్రుడు. సంస్కృత మూలంలో ఆయన వెనకటి జన్మలో నేర్చుకున్న స్తోత్రం చేస్తాడు. మన పోతన దగ్గర ఇంకొకటి చేస్తాడు: ఉన్నాడు ఉన్నాడంటారే, ఆయన నిజంగా ఉన్నాడా, లేడా అని అనుమానపడతాడు! పాలకుర్తి దగ్గర బమ్మెర పోతన ఊరని మా వైపు గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆయన మీద గౌరవం ఈ పద్యం వల్లే పెరిగింది. అనుమానాన్ని దాచలేదు, భక్తుడి నోటే పలికించాడు. పైగా ఆ అనుమానం వచ్చాక కూడా ఏనుగు పిలవడం ఆపలేదు. విష్ణువు లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరుగెత్తుకొచ్చింది అలాంటి పిలుపుకే.

ఇది మన ఒక్కళ్ల సంగతి కాదు. మదర్ థెరెసా 1997లో కన్నుమూశారు, ఆమె ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. దశాబ్దాల పాటు లోపల దేవుడు లేనట్టే ఉందని వాటిలో రాసుకున్నారు. ఆ లోటుతోనే రోజూ ప్రార్థన చేశారు, రోగుల దగ్గరికి వెళ్లారు.

ఒక్క జాగ్రత్త. నిద్ర, తిండి పోయి, దేని మీదా ఆసక్తి లేకుండా వారాలు గడుస్తుంటే అది భక్తి సమస్యే అనుకుని కూర్చోకండి. డాక్టర్‌ని కలవండి. దీపం ఎటూ పోదు.

నేనేం చేశానంటే, సహస్రనామం కొన్నాళ్లు పక్కన పెట్టి రోజూ ఒక్క పద్యం చదివాను. గజేంద్రుడి ఆ అనుమానం పద్యమే. చదివాక "స్వామీ, ఇవాళ కూడా ఏమీ అనిపించలేదు" అని పైకే చెప్పి లేచేదాన్ని. అమ్మ వింతగా చూసేది. మళ్లీ మనసు ఎప్పుడు కదిలిందో కచ్చితంగా చెప్పలేను. ఇప్పటికీ పొడి రోజులు వస్తుంటాయి, ఆ పద్యం దగ్గరికే వెళ్తాను.

వచ్చే వారం నారదుడి కథ వీడియోలో పూర్తిగా చెప్పుకుందాం.